పడమటి మండలాల్లో పెళ్ళికి వస్తున్నారా?



ఈ మధ్య పెళ్ళిళ్ళు ఊళ్ళు దాటి, సముద్రాలు కూడా దాటి జరుగుతున్నాయి. గోవా తీరంలో ఒకటి, బాలి దీవిలో ఒకటి, థాయ్‌లాండ్‌లో ఇంకొకటి. డెస్టినేషన్ వెడ్డింగ్ అంటున్నారు. వాటికి వెళ్ళేవాళ్ళు పెట్టెలో ఏం సర్దుకోవాలో, అక్కడ ఏం తినాలో చెప్పే వీడియోలు కావలసినన్ని దొరుకుతాయి. మా పడమటి మండలాల్లో, మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో పెళ్ళికి వచ్చేవాళ్ళకు చెప్పేవాళ్ళు మాత్రం లేరు. మనూరి పెళ్ళికి చెప్పేదేముందిలే అనుకుంటాం. కానీ ఈ కాలపు పెళ్ళి ఒకటి తీసుకుని చూడండి. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. అమ్మాయి డాలస్‌లో. మేనమామ హైదరాబాదు, పెద్దత్త విజయవాడ, స్నేహితులంతా పుణేలో. ఊళ్ళో మిగిలింది తాతా అవ్వా. పెళ్ళి మాత్రం ఊళ్ళోనే జరగాలని తాత పట్టు. ఇక వచ్చేవాళ్ళలో సగం మందికి ఈ నేల కొత్త. బాలిలో దిగినవాడు ఎంత బిత్తరచూపులు చూస్తాడో, కుప్పం స్టేషన్లో దిగినవాడూ అంతే.

పైగా ఇదీ ఉష్ణమండలమే. మదనపల్లె భూమధ్యరేఖకు ఉత్తరంగా పదమూడున్నర డిగ్రీల మీద ఉంది. బ్యాంకాక్ కూడా ఇంచుమించు ఆ గీత మీదే. ఆ గీతను నమ్ముకుని పలచటి నూలు చొక్కాలు రెండు సర్దుకుని వచ్చినవాళ్ళు ఎలా వణికారో తర్వాత చెబుతాను. ముందు పెళ్ళిపత్రిక సంగతి చూద్దాం. చాలామంది తప్పటడుగు పడేది అక్కడే.

మన పత్రికల్లో ముహూర్తం రాసే తీరు ఒకటుంది. ‘12వ తేదీ బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం ఉదయం 4 గంటల 35 నిమిషాలకు’ అని వేస్తారు. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. గడియారానికి అర్ధరాత్రితో మొదలవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నర అంటే పంచాంగం లెక్కలో ఇంకా బుధవారమే, మీ ఫోన్ లెక్కలో గురువారం, 13వ తేదీ. తెలుగు వైపు 12 అనీ ఇంగ్లీషు వైపు 13 అనీ వేసిన పత్రికలు ఉన్నాయి. రెండు వైపులా 12 వేసి, పక్కన తెల్లవారుజాము అని మాత్రం రాసి వదిలేసినవీ ఉన్నాయి. దూరదేశంలో ఉన్న పిల్లలు ఇంగ్లీషు వైపే చూసి టికెట్లు కొంటారు. 12వ తేదీ తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి దిగితే మండపం దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. అదే నయం, ఒక రోజు అటూ ఇటూ తిరిగి పెళ్ళి చూడొచ్చు. 13 రాత్రికి దిగినవాళ్ళు నేరుగా లోపలికి పోయి అక్షింతలు వేస్తే, అది ఇంకొకరి పెళ్ళి అయ్యుంటుంది.

అందుకే ఫోన్ చేసి పెళ్ళివాళ్ళను ఒకే ఒక్క మాట అడగండి. ముహూర్తం ఎప్పుడు అని అడగొద్దు. అలా అడిగితే పత్రికలో ఉన్నదే చదివి వినిపిస్తారు. ‘మేము మండపంలో ఏ రాత్రి పడుకోవాలి?’ అని అడగండి. దానికి రెండు అర్థాలు వచ్చే జవాబు ఉండదు.

ఇంకొక తేడా ఉంది. కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణలోనూ రిసెప్షన్ ఎక్కువగా పెళ్ళయ్యాక పెడతారు. మా పడమటి మండలాల్లో చాలా ఇళ్ళల్లో ముందు రోజు సాయంత్రమే రిసెప్షన్, మర్నాడు పొద్దున్నే ముహూర్తం. అటు బెంగళూరు అలవాటూ, ఇటు తమిళనాడు అలవాటూ అదే కాబట్టి మధ్యలో ఉన్న మాకూ అంటింది. బాడుగ లెక్క కూడా దీనికి బాగా కుదిరింది. మండపం సాధారణంగా ఒక మధ్యాహ్నం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా ఇస్తారు. ఆ ఒక్క బాడుగలో రెండూ అయిపోతాయి. ఇది తెలియని గుంటూరు మామగారు ఎవరో ఒకరు ప్రతి పెళ్ళిలోనూ ఉంటారు. తాళి కట్టకముందే ఇద్దర్నీ స్టేజీ మీద పక్కపక్కన నిలబెట్టి ఫొటోలేమిటని ఆయన ముఖం చిట్లిస్తారు. ఆయన్ను పక్కకు తీసుకుపోయి కాఫీ ఇప్పించడం తప్ప చేయగలిగింది లేదు. బయటి ఊళ్ళవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఏమిటంటే, ఒక్క పూటే ఉండగలిగితే ఏ పూటకు రావాలో ముందే తేల్చుకోవాలి. జనమంతా ఉండేది రిసెప్షన్ రాత్రి. దగ్గరి చుట్టాలు ఉండి తీరవలసింది తెల్లవారి ముహూర్తానికి. మేనమామ రిసెప్షన్లో కవరు ఇచ్చేసి రాత్రి బస్సుకు వెళ్ళిపోతే ఆ మాట పదేళ్ళు చెప్పుకుంటారు.

కుప్పం పక్క తేదీలు కుదరడమే ఒక కథ. అక్కడ ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడూ కలుస్తాయి. వియ్యాలూ అలాగే కలుస్తాయి. తెలుగువాళ్ళకు ఆషాఢం పనికిరాదు. మనది చాంద్రమానం. తమిళులకు ఆడి నెల పనికిరాదు. వాళ్ళది సౌరమానం, ఆడి ఆగస్టు నడిమి దాకా లాగుతుంది. మనకు శ్రావణం వచ్చి మేళాలు మోగుతున్నా వాళ్ళకు ఇంకా ఆడి పోయి ఉండదు. అలాగే మనం మార్గశిరంలో పెళ్ళిళ్ళు చేస్తాం, వాళ్ళు మార్గళిలో చేయరు. రెండు పక్కలా సరేనన్న తేదీలు ఏడాదికి కొన్నే మిగులుతాయి, వాటి మీదే అందరూ పడతారు. ఆ రోజుల్లో మండపాలు, లాడ్జీలు, కార్లు, వంటవాళ్ళు, చివరికి సన్నాయివాళ్ళు కూడా దొరకరు. కాబట్టి ‘వస్తాంలే, చూద్దాం’ అనే జవాబు మానుకోండి. ఎంతమంది, ఎప్పుడు, ఎన్ని గదులు, ఈ మూడూ నెల ముందే చెప్పండి. రాలేకపోతే రాలేమనీ అప్పుడే చెప్పండి. పెళ్ళివాళ్ళకు రానన్న చుట్టంతో బాధ లేదు. వచ్చేదీ రానిదీ తేల్చని చుట్టంతోనే వాళ్ళు వేగలేరు.

ఇక దారి. ఈ మూడు ఊళ్ళనూ ఒకే దారం గుచ్చింది, 42వ నంబరు జాతీయ రహదారి. అనంతపురం, కదిరి మీదుగా వచ్చి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం దాటి కృష్ణగిరికి పోతుంది. ఒకే దారి మీద ఉన్నాయి కదా అని పక్కపక్కనే ఉన్నాయనుకోవద్దు. మదనపల్లెకు పుంగనూరు దగ్గరే, ముప్పై కిలోమీటర్ల మాట. మదనపల్లె నుంచి కుప్పం మాత్రం నూరు కిలోమీటర్ల పైమాటే. పెళ్ళి కుప్పంలో పెట్టుకుని మదనపల్లెలో హోటలు బుక్ చేసుకున్నవాళ్ళు రిసెప్షన్‌కూ ముహూర్తానికీ మధ్య టైం అంతా రోడ్డు మీదే గడుపుతారు.

విమానంలో వచ్చేవాళ్ళకు మదనపల్లె వైపు బెంగళూరు విమానాశ్రయమే అనుకూలం. అది బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్ళి దగ్గర ఉంది కాబట్టి బెంగళూరు ట్రాఫిక్‌లో అడుగుపెట్టకుండానే చింతామణి మీదుగా మదనపల్లె చేరుకోవచ్చు. బండి కర్ణాటక నంబరుదైతే రాష్ట్రం దాటే పర్మిట్ సంగతి ఎక్కేముందే మాట్లాడుకోండి. సరిహద్దు దగ్గర ఆపి ఇప్పుడెంత ఇస్తారని అడిగితే మీ మర్యాద అక్కడే పోతుంది. రైలులో వచ్చేవాళ్ళకు కుప్పం సుఖం. బెంగళూరు, జోలార్‌పేట లైను మీద స్టేషన్ ఉంది. శతాబ్ది, వందే భారత్ లాంటివి మాత్రం అక్కడ ఆగవు, చూసి ఎక్కండి. మదనపల్లెకు వచ్చే రైలు మిమ్మల్ని మదనపల్లె రోడ్ అనే స్టేషన్లో దింపుతుంది. అది ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల అవతల సి.టి.ఎం. అనే ఊరి దగ్గర ఉంది. అర్ధరాత్రి దిగే రైలు అయితే మిమ్మల్ని తీసుకుపోయే బండి ముందే పురమాయించుకోండి. పుంగనూరుకు రైలే లేదు.

ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకు ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. రాష్ట్రం దాటి పోయే బస్సులకు ఇది వర్తించదు. మా పక్క సగం బస్సులు రాష్ట్రం దాటేవే కాబట్టి ఎక్కేముందు కండక్టరును అడగండి. పట్టుచీర మడతల్లో ఆధార్ కార్డు వెతుక్కునే పని పెట్టుకోకుండా పర్సులో పైనే ఉంచుకోండి.

రాత్రి ప్రయాణం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. తిరుపతి వైపు నుంచి మదనపల్లెకు వచ్చేవాళ్ళు భాకరాపేట ఘాట్ దాటాలి. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి బయల్దేరిన ఒక బస్సు రాత్రిపూట ఆ ఘాట్‌లో లోయలో పడింది. శుభకార్యానికి కొత్తబట్టలతో బయల్దేరినవాళ్ళ ప్రాణాలు పోయాయి. చిత్తూరు నుంచి పలమనేరు వచ్చే దారిలో మొగిలి ఘాట్ కూడా అలాంటిదే. పెళ్ళి బస్సు మాట్లాడుకునేటప్పుడు మనవాళ్ళు ఏసీ ఉందా, పాటలు వస్తాయా అని అడుగుతారు. డ్రైవరు ముందు రోజు రాత్రి నిద్రపోయాడా అని ఎవరూ అడగరు. అడగండి. ఈ దారి తెలిసినవాడేనా అని కూడా అడగండి. వీలైతే వెలుతురుండగానే ఘాట్ దాటేలా బయల్దేరండి. రాత్రి తప్పదంటే రెండో డ్రైవరుకు ఇచ్చే డబ్బు పెళ్ళి ఖర్చులో రాసుకోండి.

పలమనేరు నుంచి కుప్పం దాకా ఇంకొక సంగతి. ఆ అడవి కౌండిన్య అభయారణ్యం. 1980లలో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి ఏనుగులు ఇటు తరలివచ్చాయి. 1990లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఈ రోజుకీ అవి చెరకు తోటల్లోకీ వరిమళ్ళలోకీ దిగుతూనే ఉన్నాయి. వాటిని వెనక్కి మళ్ళించడానికి 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. చీకటిపడ్డాక అడవి అంచున కారు ఆపి కాళ్ళు సాచుకోవద్దు. ముందు బండ్లు ఆగి ఉంటే మీరూ వెనకే ఆగండి. హారన్ కొట్టొద్దు, లైట్లు ఆర్పీ వెలిగించీ ఆటలాడొద్దు. దిగి సెల్ఫీ తీసుకుందామన్న కుర్రాడు ఏ కారులోనైనా ఒకడుంటాడు. వాణ్ని మధ్య సీట్లో కూర్చోబెట్టండి.

ఇప్పుడు వణికినవాళ్ళ సంగతి. పడమటి మండలాలు పీఠభూమి. మదనపల్లె సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంది. పక్కనే హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగులు. క్షయకు మందులు లేని కాలంలో, ఎండుగాలే వైద్యమని నమ్మిన రోజుల్లో, మిషనరీలు వెతికి వెతికి మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టారు. గాలి అంత పొడిగా, రాత్రులు అంత చల్లగా ఉంటాయి. మాఘమాసంలో తెల్లవారుజాము ముహూర్తం అంటే మూడింటికి లేచి తలస్నానం, తడి జుట్టు, భుజం మీద పట్టుచీర, కింద నాపరాయి నేల. విజయవాడ పెద్దత్త చేతిలో విసనకర్రతో దిగుతుంది, శాలువ మాత్రం ఉండదు. పెళ్ళికూతురి పిన్ని తన స్వెట్టరు ఆమెకు ఇచ్చి తను చన్నీళ్ళలో కాళ్ళు కడుక్కుంటూ తిరుగుతుంది. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా ఏ పెళ్ళికి వచ్చినా ఒక శాలువ, ఒక జత సాక్సులు, పసిపిల్లలకు చెవులు కప్పే టోపీ తెచ్చుకోండి. ఫొటోలో బాగుండదని స్వెట్టరు మానేసినవాళ్ళు మూడో రోజు దగ్గుతూ కనిపిస్తారు.

వైశాఖ, జ్యేష్ఠాల్లో లెక్క మారిపోతుంది. ఎండ నలభై డిగ్రీల దాకా పోవచ్చు. విజయవాడలో అయితే చెమట ధారలు కడుతుంది, ఒంట్లో నీళ్ళు పోతున్నాయని తెలుస్తుంది. ఇక్కడ గాలి పొడి. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఏమీ కాలేదనుకుంటూ ఉండగానే తల తిరుగుతుంది. ముఖ్యంగా అరవై దాటినవాళ్ళు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు దాహం వేయకపోయినా గంటకొకసారి నీళ్ళు తాగాలి. మజ్జిగ ఇంకా మంచిది. షర్బత్తులూ కూల్‌డ్రింకులూ తాగి అదే నీళ్ళని సరిపెట్టుకోవద్దు. సంచిలో రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు పడేసుకోండి. బోరునీళ్ళు మీ కడుపుకు అలవాటు లేకపోతే క్యాన్ నీళ్ళో, కాచిన నీళ్ళో అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

కార్తీకమాసం పెళ్ళిళ్ళకు వాన గండం. తెలుగు నేలలో చాలా చోట్ల వానలు ముఖ్యంగా నైరుతిలో కురుస్తాయి, మా పక్క ఈశాన్యంలోనూ బాగా పడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ఇక్కడ రెండు మూడు రోజులు ముసురు. 2021 నవంబరులో తిరుపతినీ కడప జిల్లానూ ముంచెత్తిన వానలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్ళు ఒక రోజు ముందే చేరుకునేలా చూసుకోండి. పట్టుబట్టలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. వానలో ఘాట్‌లో కొండచరియలు జారతాయి, ఆ దారి మానుకోవడమే మేలు.

మండపంలో రాత్రి ఎలా ఉంటుందో తెలియని పిల్లలు ఇప్పుడు చాలామంది. గదులు పెళ్ళికొడుకు వాళ్ళకు నాలుగు, పెళ్ళికూతురు వాళ్ళకు నాలుగు. తక్కినవాళ్ళకు హాలు, చాపలు, జంపఖానాలు. పదకొండింటికి ఆఖరి బంతి లేస్తుంది. పన్నెండింటికి డెకరేషన్ వాళ్ళు రిసెప్షన్ పూలు పీకి ముహూర్తం పూలు కట్టడం మొదలుపెడతారు. నిచ్చెనల చప్పుడు, ఒక సుత్తి, ఎవరిదో ఫోన్లో పాట. రెండున్నరకు వంటగదిలో గ్రైండరు తిరుగుతుంది. మూడింటికి స్నానాల గది ముందు వరస. వేడినీళ్ళ బాయిలరు దగ్గర ఒక మనిషి కట్టెలు తోస్తూ ఉంటాడు, బకెట్లు రెండే ఉంటాయి. ముందు అమ్మాయి తరఫు ఆడవాళ్ళు, తర్వాత అబ్బాయి తరఫు ఆడవాళ్ళు, మధ్యలో పురోహితుడికి అర్జంటు. మగవాళ్ళ వంతు వచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చన కూడా ఉండవు. అలవాటున్నవాళ్ళు రాత్రే స్నానం చేసి పడుకుంటారు. మీరూ అదే చేయండి. తువ్వాలు, సబ్బు, రబ్బరు చెప్పులు, దోమల చక్ర, చిన్న తాళం వెంట ఉండాలి. దోమలు ఉష్ణమండలం సొత్తు, పెళ్ళి మండపమని వెనకాడవు. నగలు పెట్టెలో పెట్టి పెట్టె గదిలో వదలొద్దు. అందరూ ముహూర్తం చూస్తూ ఉండే ఆ పావుగంటే దొంగలకూ ముహూర్తం.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు పెళ్ళివాళ్ళ భోజనాల టైం నమ్ముకోవద్దు. నాలుగున్నరకు తాళి కట్టినా టిఫిను ఏడుకు గానీ పెట్టరు. ఇడ్లీ, పొంగలి, ఉద్దివడ, కేసరి. కేసరి మీ ఆకులో వేయకముందే చెయ్యి అడ్డం పెట్టండి, వేశాక వదిలేయడం మీకూ కష్టమే. మాత్రలు, రెండు బిస్కెట్లు జేబులో ఉంచుకోండి. ఇన్సులిన్ తెచ్చుకున్నవాళ్ళు దాన్ని వంటగది ఫ్రిజ్‌లో పెట్టమని ఇస్తే పాలప్యాకెట్ల కింద పడి పోతుంది. చిన్న చల్లటి సంచి మీరే తెచ్చుకోండి. ఏదైనా జరిగితే 108కి ఫోన్ చేయండి. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, మదనపల్లెలో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది. కొత్తవాళ్ళకు వీటి పేర్లు తెలియాలి.

భోజనం గురించి చెప్పకపోతే నాకే ఆకలి తీరదు. రిసెప్షన్ రాత్రి గోబీ మంచూరియా, చాట్, పన్నీరు. అవి మీరు ఎక్కడైనా తినొచ్చు. పొట్ట మిగుల్చుకోవలసింది మర్నాడు పదకొండు గంటల ఆకుభోజనానికి. అందులో ఓళిగ, అంటే బొబ్బట్టు, ఉంటుంది, దాని మీద కాచిన నెయ్యి. కుప్పం వైపు రసం మిరియాల ఘాటుతో పలచగా ఉంటుంది. చలికాలం పెళ్ళైతే అదృష్టం బాగుండి పితికిపప్పు కూర తగలొచ్చు. అనపగింజలు నానబెట్టి ఒక్కొక్కటీ వేళ్ళతో పితికి తొక్క తీసి చేసే కూర. నూరు మందికి పితకాలంటే ఇంటి ఆడవాళ్ళంతా ముందు రోజు మధ్యాహ్నం కూర్చోవాలి. అది వడ్డించినవాళ్ళు మిమ్మల్ని నిజంగానే గౌరవించారని అర్థం. రాగిసంగటీ నాటుకోడి పులుసూ మండపంలో దొరకవు. అవి పెళ్ళి మర్నాడు ఇంటి దగ్గర. వాటికోసం ఒక రోజు సెలవు పొడిగించినవాళ్ళను నేనెప్పుడూ తప్పు పట్టలేదు.

బంతి దగ్గర ఒక అలవాటు మాత్రం నాకు నచ్చదు. తింటున్నవాడి వెనక కుర్చీ పట్టుకుని నిలబడటం. ఆయన మజ్జిగ దాకా రాకముందే వెనక నుంచి ఊపిరి తగులుతుంది. బస్సు దొరకదేమోనన్న తొందర ఉంటే వడ్డించేవాళ్ళకు చెప్పండి, చోటు చూపిస్తారు. విదేశీ స్నేహితులు వస్తే కుడిచేత్తో తినాలని, తిన్నాక ఆకు తమవైపు మడవాలని ఒకసారి చెబితే చాలు. అక్షింతలు విసరకుండా మెల్లగా వేయాలని కూడా చెప్పండి, పంతుళ్ళ కళ్ళు బతుకుతాయి.

చదివింపులకు నగదు కవరే ఉత్తమం, నూటపదహార్ల లెక్కలో. విమానంలో వచ్చిన జంటకు గోడగడియారం ఇస్తే వాళ్ళు అది మా తాతకే ఇచ్చి పోతారు. మా తాత ఇంట్లో ఇప్పటికే ఏడు గడియారాలున్నాయి, ఒకదాని టైం ఒకదానికి కలవదు.

భాష గురించి బెంగ పెట్టుకోవద్దు. కుప్పంలో కూరగాయల అంగడి దగ్గర ఒకే మాటలో మూడు భాషలు వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టడం ఊరికే కాదు. మదనపల్లెలో ఉర్దూ కూడా బాగా నడుస్తుంది. ఎక్కడైనా ‘అన్నా’, ‘అక్కా’ అని మొదలుపెడితే పని జరుగుతుంది. ‘సామీ’ అంటే ఇంకా తొందరగా జరుగుతుంది.

రిసెప్షన్‌కూ ముహూర్తానికీ మధ్య, లేదా పెళ్ళి మర్నాడు పూట ఖాళీ దొరికితే చూడదగ్గవి ఉన్నాయి. మదనపల్లెలో బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడ బస చేసి ‘జనగణమన’ను తన చేత్తోనే ఇంగ్లీషులోకి రాశారు. ప్రిన్సిపాల్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరలిపి కట్టారు. ఊళ్ళో పుట్టిన పిల్లలకే ఈ సంగతి సగం మందికి తెలియదు. ఈ ఊళ్ళోనే 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. ఆయన పేరు చెప్పి రిషి వ్యాలీ చూద్దామని బయల్దేరతారు కొందరు. అది పిల్లలు చదువుకునే బడి. ముందు అడగకుండా కారు వేసుకుని గేటు దగ్గరకు పోవద్దు. పట్టుచీరలు కావాలంటే నీరుగట్టువారిపల్లెలో మగ్గం దగ్గరే కొనొచ్చు. టమోటా మార్కెట్టూ ఆ పక్కే. సీజన్లో పొద్దున్నే అటు పోతే లారీల మధ్య ఇరుక్కుంటారు, మధ్యాహ్నం పోండి. హార్స్‌లీ హిల్స్ మీద గాలిబండలకు పట్టుచీరతో ఫొటోలకు పోయేవాళ్ళు పిన్నీసులు ఎక్కువ పెట్టుకోండి. కోతులు చేతిలోని పొట్లాన్ని వదలవు.

పుంగనూరుకు వచ్చినవాళ్ళంతా ఆవును చూపించమంటారు. మూడడుగులు కూడా పెరగని ఆవు, చిక్కటి పాలు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చాక అడగనివాడు లేడు. ఊళ్ళో వీధివీధినా తిరుగుతూ ఉంటాయనుకోవద్దు, దొరకడమే తక్కువ. ఎవరింట్లోనైనా కట్టేసి ఉంటే అడిగి చూడండి, ఎత్తుకుని ఫొటో దిగొద్దు. బోయకొండ గంగమ్మ గుడీ దగ్గరే, ఆదివారాల్లో మాత్రం జనం తోసుకుంటారు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, మే నెలలో కుప్పంలో గంగమ్మ జాతర ఉన్న రోజుల్లో పెళ్ళి పడితే, గది రెండు నెలల ముందే చూసుకోండి.

తిరుగు ప్రయాణం రోజున చెప్పకుండా జారుకోవద్దు. పెళ్ళిపెద్దకు ఒక మాట చెబితే తాంబూలం సంచి చేతికిస్తారు. అందులో టెంకాయ, తమలపాకులు, వక్కలు, ఒక డబ్బా. విమానం ఎక్కేవాళ్ళు అది తెరిచి చూసుకోండి. ఎండుకొబ్బరి మంట అంటుకునే సరుకని విమానాల్లో ఒప్పుకోరు. పచ్చి టెంకాయకు ఏమంటారో ఆ విమానం వాళ్ళనే అడగండి. వేసవిలో అయితే తాత ఊరుకోడు, మామిడిపండ్లు ఒక గంప మీ కారు డిక్కీలో పెట్టించేస్తాడు. అమెరికాకు పండ్లు సామానులో పట్టుకుపోనివ్వరు, అక్కడ దిగాక చెత్తబుట్టలో వేయిస్తారు. వద్దని తాత ముఖం మీద చెప్పకండి. బెంగళూరులో ఏ చుట్టం ఇల్లు దారిలో పడుతుందో చూసుకుని గంప అక్కడ దింపి పోండి.